ఓరిమ్‌ని కాల్చాలి

1945 ఏప్రిల్ 11, బుధవారం

తమ్ముడు పిటారో వెదురు మీద పెట్టుకునే గాట్ల ప్రకారం ఇవాళ బుధవారం. నా కొడుకు ఓరిమ్‌ని చంపింది సోమవారం. ఇది వాడి బడి పుస్తకమే, వెనక కాగితాలు ఖాళీగా ఉన్నాయి. మిషను దొరసాని దగ్గర చిన్నప్పుడు దిద్దిన అక్షరాలు మర్చిపోయాననుకున్నాను. చెయ్యి మర్చిపోలేదు.

వాడు వెళ్ళింది మా తోటకే. అమ్మమ్మ తోట, అమ్మ తోట, నా తోట. మా దీవికి ఓడలు రావడం ఆగిపోయాక, ఇక్కడ దిగిన జపాను వాళ్ళకి తిండి లేకుండా పోయింది. ముందు మా పందుల్ని తిన్నారు. తరువాత కోళ్ళు. తరువాత తోటలోకే వచ్చి పాకలు వేసుకుని, మమ్మల్ని అడవిలోకి తరిమారు. తోట చివర, వాగు పక్కన, మా వంశం వాళ్ళని కాల్చే తోపుంది. ఆ తోపులో పెద్ద తుపాకి పెట్టి పైన ఆకులు కప్పారు.

పిటారో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఓరిమ్ లేచాడు. "మన దుంపలు మనం తెచ్చుకోవడానికి భయమేంటత్తా" అన్నాడు, పిటారో పెళ్ళాం నోకాతో.

"అయితే పెద్దవి ఏరుకురా అల్లుడూ, వేళ్ళంతవి తెస్తే గుమ్మం తొక్కనివ్వను" అంది నోకా.

గుమ్మం ఎక్కడుంది మాకు. అందరం నవ్వాం.

నేనూ నోకా రెల్లులో కూర్చున్నాం, వాడు తెస్తే మోసుకెళ్ళడానికి. రెండు చేతులా చేమదుంపలతో ఉండగా పట్టుకున్నారు. గొడుగు సార్జంటు వచ్చాడు. దొరసాని వదిలేసి వెళ్ళిన నల్ల గొడుగు ఎండైనా వానైనా వాడి చేతిలోనే ఉంటుంది. ఓరిమ్‌ని పోకచెట్టుకి కట్టించాడు. కొత్తగా వచ్చిన కుర్ర సిపాయిల్ని వరసలో నిలబెట్టాడు. గొడుగు మడిచి, దాని మొనతో నా కొడుకు ఒంటి మీద ఎక్కడ పొడవాలో వాళ్ళకి చూపించాడు. ఇక్కడ. ఇక్కడ కాదు, ఇక్కడ.

మొదటివాడికి చెయ్యి ఆడలేదు. సార్జంటు వాడి చెంప పగలగొట్టాడు. వాడు ఏడుస్తూ పొడిచాడు, తుపాకి కత్తి ఎముకకి తగిలి పక్కకి పోయింది. రెండోవాడు బాగా పొడిచాడు.

"ఇది మా అమ్మ తోట" అన్నాడు ఓరిమ్. మన భాషలోనే అన్నాడు. వాళ్ళకేం అర్థమవుతుంది.

నోకా నా వీపు మీద కూర్చుని నా మొహాన్ని బురదలో అదిమి పట్టింది. మిగతావి చెవులతో విన్నాను.

ఏప్రిల్ 12

తినలేదు.

ఏప్రిల్ 13, శుక్రవారం

వాన పడుతుంటే జపాను వాళ్ళు పాకలు దాటి రారు. నిన్న పొద్దున్న వాన ఎత్తుకోగానే నేనూ నోకా వెళ్ళాం. వాగులో పడేశారు. రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. రొయ్యలు కళ్ళ దగ్గర మొదలుపెట్టాయి. నేను భుజాలు పట్టుకున్నాను, నోకా కాళ్ళు పట్టుకుంది. దారిలో రెండుసార్లు జారి పడ్డాం. రెండోసారి వాడు నా మీద పడ్డాడు. బరువుగా ఉన్నాడు. బతికుండగా ఇంత బరువు లేడు.

అడవిలో మా గుడిసెల దగ్గరికి తేగానే పిటారో గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

"ఏంటది?" అన్నాను.

"గొయ్యి, అక్కా."

"నా కొడుకుని కాల్చాలి."

"మనం ప్రభువు మనుషులం. పూడ్చి సిలువ పెడదాం. నేను ప్రార్థన చెప్తాను."

"మన అమ్మని కాల్చలేదూ?"

"అప్పటికింకా మిషను రాలేదు."

"వచ్చాకే పోయింది. ఆ చితికి మొదటి కట్టె మేనమామ పెట్టాడు, నువ్వు పక్కనే నిలబడి ఏడ్చావు."

వాడు తవ్వుతూనే ఉన్నాడు. కాసేపయ్యాక తలెత్తి, "పొగ లేస్తే విమానాలొస్తాయి. నా పిల్లలున్నారిక్కడ" అన్నాడు.

"ముందు ప్రభువన్నావు, ఇప్పుడు విమానమంటున్నావు. ఏదో ఒకటి చెప్పరా."

"రెండూ పైనుంచే కదా వదినా వచ్చేది" అంది నోకా.

పిటారో ఆమెని కోపంగా చూశాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నన్ను నేను గిల్లుకున్నాను.

పూడ్చాడు. సిలువ పెట్టాడు. నేను సాగనంపే పాట పాడలేదు.

కాలనివాడు కొండ వెనక, పోయినవాళ్ళుండే చెరువుకి చేరడు. ఆ సంగతి పిటారోకి తెలియదా. తెలుసు.

ఏప్రిల్ 15, ఆదివారం

పిటారో ప్రార్థన చెప్పాడు. శత్రువుని క్షమించమని వచ్చేచోట దగ్గాడు, మింగాడు, దాటేశాడు.

మధ్యాహ్నం ఆన్సిన్ వచ్చాడు. నాకు చెల్లెలి వరస ఆమె కొడుకు, ఆస్ట్రేలియా వాళ్ళిచ్చిన తుపాకితో అడవంతా తిరుగుతున్నాడు. చేతికి మూడు గడియారాలు కట్టుకున్నాడు, ఒక్కటీ నడవదు.

"టైమెంతయింది దొరగారూ?" అంది నోకా.

"ముగ్గురు చచ్చిన టైము, అత్తా" అన్నాడు.

ఆస్ట్రేలియా వాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి నది నది దాటుకుంటూ వస్తున్నారట. ఒక దిబ్బ దగ్గర జపాను వాళ్ళు తుపాకుల మీదకి పరుగెత్తుకుంటూ వచ్చి గుట్టలుగా చచ్చారట. యంత్రంతో గొయ్యి తవ్వి యంత్రంతోనే తోశారట. అంటే అక్కడా కాల్చలేదు.

తరువాత ఆన్సిన్ గట్టిగా చెప్పాడు. "పగటిపూట పొయ్యి వెలిగించొద్దు. ముందు చిన్న విమానం వస్తుంది. అడవిలో ఎక్కడ పొగ కనిపిస్తే అక్కడ చుట్టూ తిరుగుతుంది. వెనకాలే పెద్దవి వస్తాయి. మన కొపానా ఊళ్ళో ముసలమ్మ ఒకత్తి పొద్దున్నే దుంపలు కాల్చింది. ఊరు లేదిప్పుడు. ఒక పిల్ల మిగిలింది, దానికి చెవులు వినపడవు. పైనుంచి చూస్తే వాళ్ళకి మీరూ ఒకటే జపాను వాళ్ళూ ఒకటే."

తోపులో తుపాకి సంగతి చెప్పాను. "ఆకులు కప్పితే పైకేం కనపడుతుంది పెద్దమ్మా. ఆస్ట్రేలియా వాళ్ళకి చెప్తాను గానీ, నమ్మరు" అన్నాడు.

"పొగ సన్నదైనా చూస్తారా, లావుగా ఉంటేనే చూస్తారా?"

"ఎందుకు?"

"వంటకి" అన్నాను.

ఏప్రిల్ 16

రాత్రి దాచిన దుంప పొద్దున్నకి సగం కొరికి ఉంది. ఎలుక అంటాడు పిటారో. ఎలుక పళ్ళు నాకు తెలుసు.

ఏప్రిల్ 17

ఓరిమ్ మళ్ళీ వచ్చాడు. దుంప బయటే పెట్టి పడుకున్నాను.

ఏప్రిల్ 19, గురువారం

నిన్నా ఇవాళా రెల్లులోకి వెళ్ళి తోటని చూశాను. ఊరికే చూశాను.

చాలామందికి జ్వరాలు. పాకల్లో వణుకుతూ పడి ఉన్నారు. లేవగలిగిన వాళ్ళు నా తోటలో చిలగడదుంపలు నాటుతున్నారు. తీగలు తలకిందులుగా పెడుతున్నారు, ఎలా వస్తాయి. వంట పెద్ద పాక కింద, బాగా ఎండిన వెదురుతో, పొగ రాకుండా చేసుకుంటున్నారు. వాళ్ళకీ తెలుసన్నమాట. ఒక కుర్రవాడు పచ్చి పుల్ల పొయ్యిలో పెట్టాడు. గొడుగు సార్జంటు వాణ్ణి గొడుగుతోనే కొట్టి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఆ పుల్ల నోట్లో పెట్టించాడు. మండుతున్నదే.

మంచు విడగానే చిన్న విమానం వస్తుంది. అందరూ చెట్ల కిందకి పరుగెడతారు. అది పోయాక బయటికొస్తారు. నిన్నా అంతే, ఇవాళా అంతే.

వాగు వైపు, వెదురు పొద కింద, మా కాల్చేచోటు అలాగే ఉంది. తుపాకి పైన గట్టు మీద ఉంది. మధ్యలో వెదురే. అమ్మని కాల్చిన మసి రాయి మీద ఇంకా ఉంది.

తల్లి వంశం తోపులోనే కాల్చాలి. ఇంకెక్కడ కాల్చినా లెక్కలోకి రాదు. ఇది నేను పెట్టిన ఆచారం కాదు.

ఏప్రిల్ 22, ఆదివారం

ప్రార్థన కాగానే పిటారో ముందు కూర్చున్నాను. అక్కని అయ్యుండి వాడి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను.

"మొదటి కట్టె మేనమామ పెట్టాలి. నువ్వొక్క కట్టె పెట్టు చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"ఎక్కడ?"

"తోపులో."

"తుపాకి పక్కనా! మతి పోయిందా అక్కా నీకు?"

"తోపు మనది. తుపాకి వాళ్ళది. తీసుకుపొమ్మను."

"నువ్వు కాల్చేది ఓరిమ్‌నేనా?" అన్నాడు. గొంతు తగ్గించాడు. "నా కళ్ళలోకి చూసి చెప్పు. నువ్వు కాల్చాలనుకునేది ఓరిమ్‌నేనా?"

"ఇంకెవర్ని?"

"పగ తీర్చుకునే పని ప్రభువుది."

"ప్రభువు ఆ రోజు పోకచెట్టు దగ్గర లేడు. నేనున్నాను."

వాడు లేచి వెళ్ళి సిలువ దగ్గర కూర్చున్నాడు. సాయంత్రం దాకా రాలేదు. నోకా వాడికి దుంప తీసుకెళ్ళింది, తిరిగొచ్చి నా పక్కన చతికిలబడింది.

"పెట్టనంటున్నాడు."

"తెలుసు."

"పెద్దవి ఏరుకురమ్మన్నది నేను వదినా" అంది. "చిన్నవైతే చటుక్కున పీక్కుని వచ్చేసేవాడు."

 వక్క ముక్క ఇచ్చాను. నమిలింది.

"కట్టెలు నేను మోస్తాను" అంది.

పిటారో అన్న మాట గురించి ఆలోచించాను. తప్పు. నేను ఓరిమ్‌నే కాల్చాలనుకుంటున్నాను. నా కొడుక్కి ఆకలేస్తోంది, అంతే.

ఏప్రిల్ 24

వాన. కట్టెలు మోశాం.

ఏప్రిల్ 25

వాన. కట్టెలు మోశాం. కాల్చేచోటు పక్క వెదురు పొదలో దాచాం. అడవి బాదం చెట్టు గుగ్గిలం ఒక బుట్టెడు దొరికింది. తడిసిన కట్టెనైనా మండిస్తుంది. నోకా కాలికి జలగలు పట్టాయి, వాటిని పీకుతూ గొడుగు సార్జంటులా నడిచి చూపించింది. కడుపు పట్టుకుని నవ్వాం, నోట్లో ఆకులు కుక్కుకుని.

పచ్చాకు కూడా కోసి పెట్టాను.

"పచ్చాకు దేనికి? చితికి ఎండుదే కదా వేసేది" అంది నోకా.

"వానకి కట్టెలు తడవకుండా పైన కప్పడానికి."

నా వైపు చూసింది. తరువాత ఇంకో మోపు కోసుకొచ్చింది.

ఏప్రిల్ 27, శుక్రవారం

పిటారో చేపల కోసం కింది వాగుకి వెళ్ళాడు. మేము తవ్వాం.

దీని గురించి ఎక్కువ రాయను. నేల తడిగా ఉంది గనక తొందరగా వచ్చాడు. వాసనకి నోకా రెండుసార్లు పక్కకి వెళ్ళి కక్కుకుంది, మళ్ళీ వచ్చింది. చర్మం చేతికి అంటుకుని వస్తోంది. పొడిచిన చోట్లు పెద్దవయ్యాయి. వాటిని ఆకులతో మూశాను, వానొస్తే ఇంటి కప్పులో చిల్లులు మూసినట్టు. చేతులూ కాళ్ళూ ముడిచి దుంపల బుట్టలో కూర్చోబెట్టాను. కడుపులో ఉన్నప్పుడు ఇలాగే కూర్చుని ఉంటాడు.

గొయ్యి పూడ్చి సిలువ మళ్ళీ పెట్టాం. వంకరగా వచ్చింది. నోకా సరిచేసింది.

"ఆయనకి చెప్పనా?" అంది.

"వద్దు."

"మేనమామ కట్టె లేకుండా ఎలా వదినా?"

"నేనే పెడతాను. తల్లి పెడితే కాలడా?"

ఏప్రిల్ 28, శనివారం

కాల్చాను.

 అన్నీ వరసగా రాయాలి.

తెల్లవారుతుండగా బుట్ట వీపుకి తగిలించుకుని వాగులో నడిచాను. నోకా కొబ్బరి పీచులో నిప్పు పట్టుకుని వెనక వచ్చింది. మంచు దట్టంగా ఉంది. గట్టు మీద ఎవరో దగ్గుతున్నారు. కట్టెలు పేర్చి వాణ్ణి పైన పడుకోబెట్టాను. మొదటి కట్టె నేనే పెట్టాను, మా మేనమామ పెట్టినట్టు ఎడమ చేత్తో. గుగ్గిలం పోసి నిప్పు పెట్టాను. పాట నోట్లోనే పాడుకున్నాను. మంట బాగా పట్టింది. వాడి జుట్టు ముందు అంటుకుంది.

మంచు విడేదాకా ఆగాను. అప్పుడు పచ్చాకు వేశాను.

వాన తడికి మంట ఆరిపోతుందని వేశాను.

పొగ తెల్లగా, లావుగా, వెదురు మీదుగా లేచింది. నేనూ నోకా గట్టు కింద వేళ్ళు వేలాడే బొరియలోకి, మెడలోతు నీళ్ళలోకి దూరాం. పైన కేకలు. తుపాకి దగ్గరి వాళ్ళు ముందు ఎటు నుంచో తెలియక పరుగులు పెట్టారు. వెదుర్లోకి కాల్చారు. తూటాలు మా తల మీద నీళ్ళలో పడ్డాయి. చిన్న విమానం వచ్చేసింది. దూరంగా, తేనెటీగలా.

అప్పుడు పిటారో కనిపించాడు.

అవతలి ఒడ్డున దారి వెంట వస్తున్నాడు. ఆదివారం వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. భుజాన కట్టెలు. ఎండు కట్టెలు, నరికి చీల్చినవి, తీగతో కట్టినవి. మేనమామ తెచ్చే కట్టెలు. పొగ చూసి ఆగాడు. తలెత్తి విమానాన్ని చూశాడు. ఆ విమానం చుట్టూ తిరుగుతోంది. వాడు వెనక్కి పరుగెత్తలేదు. మా వైపు, పొగ వైపు పరుగెత్తుకొచ్చాడు. కట్టెలు దింపలేదు.

నేను అరిచాను. పడుకోమని అరిచాను.

గొడుగు సార్జంటు గట్టు దిగాడు, మనుషుల్ని వెంటేసుకుని, మంట ఆర్పడానికి. చేతులతో మట్టి పోస్తున్నారు. ఒకడు నీళ్ళ బకెట్టు పోశాడు, పొగ ఇంకా లావయింది. సార్జంటు మడిచిన గొడుగుతో నా కొడుకుని పొడిచి చితి మీంచి లాగుతున్నాడు. రెండోసారి.

పెద్దవి వచ్చాయి.

ఎలా ఉంటుందో రాయలేను. నీళ్ళు వాగులోంచి లేచి పోయాయి. వాగు అడుగు చూశాను, గులకరాళ్ళు, ఒక చేప. మళ్ళీ నీళ్ళు పడ్డాయి. చెవుల్లోంచి రక్తం. వెదురు కాలుతూ పేలుతుంటే అది కూడా బాంబే అనుకున్నాం. విమానాలు తిరిగి వచ్చి తుపాకులతో తోటంతా దున్నాయి. పాకల్లో జ్వరాల వాళ్ళు పడుకున్న చోటే కాలారు. చాలాసేపు అరిచారు. ఒకడు మంటలతో వాగులోకి దూకి నా పక్కనే తేలాడు. కుర్రవాడు. మూతి మీద కాలిన మచ్చ ఉంది, పుల్ల మచ్చ.

అంతా ఆగాక బయటికొచ్చాను. తుపాకి బోర్లా పడింది. చితి లేదు. ఆ చోట గొయ్యి ఉంది, దాంట్లోకి నీళ్ళు ఊరుతున్నాయి. ఓరిమ్ నా నిప్పుతో కాలాడో వాళ్ళ నిప్పుతో కాలాడో తెలియదు. వెతికాను. ఎముక అనుకుని తీసినవి వెదురు ముక్కలు.

సార్జంటు బతికున్నాడు. నడుము కింద ఏమీ లేదు. నన్ను చూసి నీళ్ళన్నాడు, మన భాషలో. దుంపలు, పంది, నీళ్ళు, ఈ మాటలు నేర్చుకున్నారు వాళ్ళు. పక్కన ఎవరిదో కత్తి పడి ఉంటే తీశాను. మెడ మీద కొట్టాను. ఒక దెబ్బకి కాలేదు. చెయ్యి అడ్డం పెట్టాడు, వేళ్ళు తెగాయి. కొడుతూనే ఉన్నాను. తల ఊడిపోయాక కూడా కొట్టాను. మట్టిని కొడుతున్నానని తరువాత తెలిసింది.

అప్పుడు నోకా పిలుస్తోందని వినిపించింది. చాలాసేపటి నుంచి పిలుస్తోందట. నా చెవులు పనిచెయ్యడం లేదు.

పిటారో అవతలి ఒడ్డున రాళ్ళ మీద ఉన్నాడు. తెల్ల చొక్కా తెల్లగా లేదు. నేను వెళ్ళేసరికి అయిపోయింది. "ఇప్పటిదాకా ఊపిరుంది. నిన్నే అడిగాడు" అంది నోకా.

కట్టెల మోపు విడిపోలేదు.

ఏప్రిల్ 29

ఇవాళ ఆదివారం. వెదురు మీద గాటు ఎవరు పెట్టాలి.

మే 1, మంగళవారం

పిటారోని పూడ్చాం. తోపులో, తల్లి నేలలోనే, కానీ పూడ్చాం. నోకా అడిగింది. "ఆయన చెప్తూ ఉండేవాడు కదా. ఆయన మాటే ఉంచుదాం" అంది. నేనే తవ్వాను. ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. ప్రార్థన ఎవరికీ పూర్తిగా రాదు. నోకా మొదలు చెప్పింది, నేను చివర చెప్పాను. మధ్యలో శత్రువుని క్షమించే మాట ఇద్దరికీ గుర్తురాలేదు.

వాడు తెచ్చిన ఎండు కట్టెలు ఓరిమ్ చితి ఉన్నచోట, బాంబు గొయ్యి అంచున పేర్చి అంటించాను. ఇప్పుడు పగలు పొగ లేచినా ఎవరూ రారు.

మధ్యాహ్నం ఆన్సిన్ వచ్చాడు, వెంట ఆస్ట్రేలియా సిపాయిలు, మనవాళ్ళు కొందరు కూలీలు. ఒక ఎర్రమొహం ఆఫీసరు తుపాకి చుట్టూ తిరిగి ఏదో రాసుకున్నాడు. నన్ను చూసి నవ్వి చాలాసేపు మాట్లాడాడు.

"ఏమంటున్నాడ్రా?"

"ఇన్నాళ్ళూ దొరకని తుపాకిని చూపించావట పెద్దమ్మా. తన సిపాయిలు చాలామంది బతికారట నీవల్ల. వాళ్ళ తల్లుల తరఫున దండం పెడుతున్నాడు."

"నేను తుపాకిని చూపించలేదు. నా కొడుకుని కాల్చుకున్నాను. అని చెప్పు."

ఆన్సిన్ ఏదో చెప్పాడు. ఆఫీసరు తల ఊపి మాంసం డబ్బాలు ఇచ్చాడు, ఒక కత్తి ఇచ్చాడు. డబ్బాలు నోకా పిల్లలకి పెట్టాను.

"మరి పిటారో మామయ్య ఎందుకొచ్చాడక్కడికి?" అన్నాడు ఆన్సిన్ మెల్లగా.

"దారిలో పడ్డాడు. నేను అరిచాను. విమానాల మోతలో వినపడలేదు."

వచ్చినవాళ్ళందరికీ అదే చెప్తున్నాను. అదే జరిగింది.

మే 2

ఓరిమ్ రాలేదు. దుంప అలాగే ఉంది. చెరువుకి చేరాడు.

సంతోషించాలి.

మే 3, గురువారం

నోకా వెళ్ళిపోయింది. మొగుడు పోయాక ఆడది తన తల్లి నేలకి వెళ్ళాలి, వాళ్ళది నది అవతల. ఇక్కడే ఉండమన్నాను. తోట ఖాళీగా ఉంది, పిల్లలు తింటారు అన్నాను. జపాను వాళ్ళు తలకిందులుగా నాటిన తీగలు కూడా పట్టాయి, చూపించాను.

సరంజామా కట్టుకుంటూ ఉంది. చాప, ఒక కుండ, వెదురు గాట్ల కర్ర. చిన్నదాన్ని చంకనెత్తుకుని నా దగ్గరికి వచ్చింది.

"వదినా, అరిచానని అందరికీ చెప్తున్నావు."

"అరిచాను."

"నీ నోరు నా చెవి పక్కనే ఉంది ఆ నీళ్ళలో. విమానం ఇంకా దూరంగానే ఉంది."

నేను వంగి ఆమె చాపకి తీగ బిగించాను.

"ఆయన వస్తాడని నాకు తెలుసు" అంది. "పొద్దున్న బయల్దేరే ముందు చెప్పేశాను. మేనమామ కట్టె లేకుండా అల్లుణ్ణి పంపడం నాకు ఒప్పలేదు. తిట్టాడు. తరువాత గొడ్డలి తీశాడు."

"నన్ను కొట్టు నోకా. తిట్టు."

"ఎందుకు? నేనూ అరవలేదుగా." పిల్ల జుట్టులో పేను చూసి తీసి గోళ్ళ మధ్య నొక్కింది. "నా మొగుడు వదినా. ఎదురుగా వస్తున్నాడు. నోరు తెరిచాను కూడా. అరిస్తే సార్జంటు మంట దగ్గరికి దిగకుండా మన మీదకి వస్తాడని మూసుకున్నాను. నువ్వూ వాడి కోసమే ఆగావు కదా?"

అవునన్నట్టు తలాడించాను. తలాడించడం ఆమె చూసింది.

"అదీ. ఇద్దరం ఒకచోట ఉంటే రోజూ దాన్నే చూసుకోవాలి" అంది. "దుంపలు పండాక కబురు చెయ్యి. పిల్లల్ని పంపిస్తాను. నేను రాను."

నది దాకా సాగనంపాను. నడుములోతు నీళ్ళలో, నెత్తిన చాప, చంకలో చిన్నది, పెద్దవాడు ఆమె గుడ్డ చెంగు పట్టుకుని. అవతలి ఒడ్డు ఎక్కారు. చిన్నది నా వైపు చెయ్యి ఊపింది. నోకా తిరగలేదు. రెల్లు కదిలింది, ఆగిపోయింది.

అప్పుడు అరిచాను. పిటారో, పడుకోరా, కట్టెలు పడేసి నేల మీద పడుకో అని, గొంతు చీరుకుపోయేదాకా అరిచాను. తోటలో ఇనప పెంకులు ఏరుతున్న కూలీలు పని ఆపి, బుర్రలు పైకెత్తి, విమానం కోసం ఆకాశంలోకి చూశారు.